మధుమేహ రోగికి తగిన రొట్టె: రెండు శతాబ్దాల అన్వేషణ

"షుగరు ఉన్నవాళ్ళు ఏ బ్రెడ్డు తినవచ్చు డాక్టరు గారూ?"

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో వారానికి ఒకసారైనా నాకు ఎదురైన ప్రశ్న ఇది. పదవీ విరమణ తరువాత కూడా ఉదయపు నడకలో, పెళ్ళి భోజనాల పంక్తిలో, అమెరికాలో ఉన్న బంధువుల ఫోనులో వినిపిస్తూనే ఉంది. చాలా కాలం నేను "తెల్లది మానండి, బ్రౌన్ బ్రెడ్డు తినండి" అని ఒక్క మాటతో పంపించేవాణ్ణి. అది ఎంత తొందరపాటు సమాధానమో ఒక రోగి వల్ల తెలిసింది. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందుగా పాఠకులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ ప్రశ్న మనతో మొదలైనది కాదు. బ్రెడ్డు ప్రధానాహారంగా గల దేశాల్లో వైద్యులు రెండు వందల సంవత్సరాలకు పైగా దీనికి సమాధానం వెదికారు. ఆ వెదుకులాటలో మనకు నేటికీ పనికివచ్చే పాఠాలు ఉన్నాయి.

మూత్రంలో తీపి ఉంటుందన్న సంగతి మన ప్రాచీన వైద్యులకు తెలుసు. మధుమేహమన్న పేరే అందుకు సాక్ష్యం. చరకసంహిత ప్రమేహ రోగులకు యవలతో, అంటే బార్లీతో చేసిన ఆహారాన్ని ముఖ్యంగా చెప్పింది. ఐరోపాలో ఈ తీపిని 1674లో థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు గ్రంథస్థం చేశాడు. లివర్‌పూల్ నగరానికి చెందిన మాథ్యూ డాబ్సన్ 1776లో రోగి మూత్రాన్ని ఆవిరి చేసి, అడుగున మిగిలిన తెల్లని పదార్థం రుచిలోనూ వాసనలోనూ చక్కెరేనని తేల్చాడు. రోగి రక్తంలో కూడా తీపి ఉన్నదని గమనించాడు. అప్పటినుంచి ప్రశ్న మారింది. ఈ చక్కెర ఎక్కడినుంచి వస్తున్నది? తినే ఆహారం నుంచే అయితే ఏది మానాలి?

ఇంగ్లండులో ఫిరంగిదళ వైద్యుడు జాన్ రోలో 1797లో ప్రచురించిన గ్రంథంలో ఒక సమాధానం ఇచ్చాడు. కెప్టెన్ మెరెడిత్ అనే స్థూలకాయుడైన సైనికాధికారికి ఆయన మాంసాహార పథ్యం విధించాడు. మధ్యాహ్నం రక్తమూ కొవ్వూ కలిపి వండిన వంటకం, భోజనానికి చాలాకాలం నిలవ ఉంచిన ముక్కిపోయిన మాంసం! చదువుతుంటేనే కడుపులో తిప్పుతుంది. రోగికి ఆకలి చంపడం కూడా ఆ పథ్యం ఉద్దేశమే అనుకోవాలి. కానీ అదే పథ్యపు పట్టికలో ఉదయం, రాత్రి పాలతోపాటు ఏముందో చూడండి: వెన్న రాసిన బ్రెడ్డు. అంత కఠినమైన వైద్యుడు కూడా తొలి పట్టికలోనే దానిని తీసివేయలేకపోయాడు. అన్నం లేకుండా భోజనమేమిటని మనం అడిగినట్లే, రొట్టె లేకుండా భోజనమేమిటని వారు అడుగుతారు. ఆంగ్లేయులకైనా ఫ్రెంచివారికైనా రొట్టె అంటే బతుకుతెరువుకు మరో పేరు. అందువల్ల తరువాతి నూరేళ్ళ వైద్యులు రొట్టెను మాన్పించే ప్రయత్నం కంటె, పిండిపదార్థం లేని రొట్టెను తయారుచేసే ప్రయత్నమే ఎక్కువగా చేశారు.

ఆ పనిలో మొదట నిలిచినవాడు పారిస్ నగరపు అపొలినేర్ బుషార్దా (1806–1886). ప్రాచీనమైన ఓతెల్-ద్యూ ఆసుపత్రిలో ఔషధ విభాగం చూసేవాడు, తరువాత ఆరోగ్యశాస్త్ర ఆచార్యుడయ్యాడు. మధుమేహ పథ్య చరిత్రలో నాకు అందరికంటె ఇష్టమైన మనిషి ఆయన. గోధుమపిండి ముద్దను నీటిలో పిసుకుతూ ఉంటే పిండిపదార్థం పాలవలె తెల్లగా నీటిలోకి దిగిపోయి, చివరకు రబ్బరువలె సాగే ముద్ద చేతిలో మిగులుతుంది. అదే గ్లూటెన్ అనే మాంసకృత్తు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు బెక్కారి దీనిని మొదట వేరుచేశాడు. (మీ ఇంట్లో చపాతీపిండి ముద్దను కుళాయి కింద ఐదు నిమిషాలు పిసికి చూడండి, తెలుస్తుంది.) చక్కెరగా మారేది పిండిపదార్థమే కదా, దానిని కడిగివేసి మిగిలిన గ్లూటెన్‌తోనే రొట్టె చేస్తే రోగి రొట్టె తిన్నట్లూ ఉంటుంది, చక్కెరా పెరగదు అని బుషార్దా తలచాడు. 1841 నాటికి గ్లూటెన్ రొట్టెను రోగులకు విధించాడు. ప్రత్యేకంగా మధుమేహ రోగి కోసం తయారైన తొలి రొట్టెగా దీనిని చెప్పుకుంటారు.

ఆలోచన ఉత్తమమైనదే. కానీ గ్లూటెన్ ఒక్కటే రొట్టెగా నిలవదు. కాల్చితే బూరటిల్లి, నమలబోతే పళ్ళకు అంటుకుంటుంది. తినదగినట్లు చేయాలంటే కొంత పిండి కలపక తప్పదు. కలిపితే పిండిపదార్థం మళ్ళీ లోపలికి వచ్చేస్తుంది. ఎంత కలిపారన్నది తయారుచేసినవానికే తెలుసు. ఈ చివరి వాక్యాన్ని మరచిపోకండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

అయితే బుషార్దా ఘనత ఆయన రొట్టెలో లేదు. రోగులు తమ మూత్రాన్ని తామే తరచు పరీక్షించుకొని, ఏది తింటే చక్కెర కనిపిస్తున్నదో, ఏది తింటే కనిపించడం లేదో తెలుసుకోవాలని ఆయన పట్టుబట్టాడు. ఒకే పథ్యం అందరికీ సరిపోదన్నాడు. ఒళ్ళు వంచి పనిచేస్తే రోగి కొంత పిండిపదార్థాన్ని తట్టుకోగలడని గమనించి శ్రమను మందుగా విధించాడు. 1870–71లో ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడించినప్పుడు నగరానికి ఆహారం అందక జనం అలమటించారు. ఆ కరువులో తన మధుమేహ రోగుల మూత్రంలో చక్కెర తగ్గిపోవడమో మాయమవడమో బుషార్దా చూశాడు. రొట్టె రకం కంటె రొట్టె పరిమాణం ముఖ్యమన్న సత్యాన్ని ఆయన రోగులకు యుద్ధం నేర్పింది.

ఇంగ్లండులో అన్వేషణ వేరే దారులు పట్టింది. జాన్ కాంప్లిన్ అనే వైద్యుడు స్వయంగా మధుమేహ రోగి. వైద్యుడే రోగి అయితే పరిశోధన ఎంత శ్రద్ధగా సాగుతుందో ఆయన తవుడు రొట్టె చెబుతుంది. గోధుమ తవుడును పలుమార్లు కడిగి, అందులో అంటుకొని ఉన్న పిండిని పోగొట్టి, ఎండబెట్టి, గొంతులో గుచ్చుకోకుండా మెత్తగా విసిరి, గుడ్లు, వెన్న కలిపి బిస్కట్ల వలె కాల్పించేవాడు. లండన్ గైస్ ఆసుపత్రికి చెందిన ఫ్రెడరిక్ పేవీ (1829–1911) బాదం పొడితో రొట్టె చేయించాడు. బాదంలో సహజంగా ఉండే కాస్త చక్కెర కూడా పోవడానికి ఆ పొడిని కొంచెం ఆమ్లం కలిపిన వేడినీటితో కడగమన్నాడు. శాస్త్రరీత్యా పేవీ రొట్టె అన్నిటికంటె మెరుగైనది. నేడు 'కీటో' పేరిట అమ్ముతున్న బాదం రొట్టె నూట అరవై ఏళ్ళనాటి ఈ రొట్టెకు మనుమరాలే. కానీ బాదం నాడూ ఖరీదే, నేడూ ఖరీదే. లండన్ కార్మికుడు రోజూ బాదం రొట్టె తినగలడా? ఆ కాలపు గ్రంథాల్లో ఈ ప్రశ్నకు పెద్ద చోటు దొరకలేదు.

రోగికి గట్టి అవసరం ఉన్నచోట వ్యాపారం రాకుండా ఉండదు. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి ఐరోపా, అమెరికాల్లో 'మధుమేహ పిండి', 'గ్లూటెన్ పిండి', 'మధుమేహ బిస్కట్లు' దుకాణాల నిండా వచ్చాయి. మామూలు పిండికి ఎన్నో రెట్ల ధర. రోగి ఆశకు వెల కట్టడం తేలిక. అమెరికాలో 1906లో కల్తీ నిరోధానికి ఆహార ఔషధ చట్టం వచ్చిన తరువాత ఇటువంటి సరుకును ప్రయోగశాలలు పరీక్షించాయి. కనెక్టికట్ వ్యవసాయ ప్రయోగ కేంద్రం 1913లో మధుమేహ ఆహారాల విశ్లేషణను ప్రకటించింది. కొన్ని పేరుకు తగినట్లే ఉన్నాయి. మరికొన్నిటిలో మామూలు గోధుమపిండికీ వాటికీ పెద్ద తేడా లేదు. పెట్టె మీద రాసిన మాటను నమ్మి రోగి నిశ్చింతగా తింటాడు. వైద్యుడు కూడా ఆ మాటనే నమ్మి, రోగం ముదిరిందనుకొని ఇంకా కఠినమైన పథ్యం విధిస్తాడు. నూరేళ్ళ నాటి ఈ వృత్తాంతం చదివినప్పుడు నాకు సిగ్గుగా అనిపించింది. కారణం కాసేపట్లో చెబుతాను.

ఇరవయ్యో శతాబ్దపు తొలి ఇరవై ఏళ్ళు పథ్యాల విషయంలో దుర్భరమైనవి. జర్మనీలో వాన్ నూర్డెన్ కొన్ని రోజులపాటు ఓట్స్ ప్రధానంగా పెట్టే పద్ధతి తెచ్చాడు. అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ మూత్రంలో చక్కెర పోయేవరకు రోగిని ఉపవాసం ఉంచి, ఆపైన మూడుసార్లు ఉడికించి నీరు వార్చిన కూరలతో మొదలుపెట్టేవాడు. ఎముకల గూళ్ళవలె మారిన పిల్లలు ఆ పథ్యంతో నెలలు, కొందరు ఏళ్ళు నెట్టుకొచ్చారు. ఆకలితోనే పోయినవారూ ఉన్నారు. 1922 జనవరిలో టొరంటో ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళ లియొనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ ఇవ్వడంతో ఆ అధ్యాయం ముగిసింది.

ఇన్సులిన్ వచ్చిన తరువాత రొట్టె స్థానం విచిత్రంగా మారింది. నిషేధించిన వస్తువే కొలమానమైంది. జర్మన్ భాషా దేశాల్లో పిండిపదార్థాన్ని 'రొట్టె ప్రమాణం'తో లెక్కించడం అలవాటైంది. ఒక ప్రమాణం 12 గ్రాముల పిండిపదార్థం. అమెరికాలో 1950లో వచ్చిన ఆహార మార్పిడి పట్టికల్లో ఒక బ్రెడ్డు ముక్కకు 15 గ్రాములు లెక్క. అన్నమైనా, బంగాళాదుంపైనా ఎన్ని బ్రెడ్డు ముక్కలకు సమానమో చూడాలి. మా తరం వైద్యులు చదువుకున్నది ఈ పట్టికలనే. ఇడ్లీని కూడా బ్రెడ్డు ముక్కలతో కొలిచే చదువు మాది!

తరువాతి మలుపు కూడా టొరంటోలోనే జరిగింది. 1981లో డేవిడ్ జెంకిన్స్, ఆయన సహచరులు 62 ఆహారపదార్థాలను పరీక్షించారు. ప్రతిదానిలోనూ 50 గ్రాముల పిండిపదార్థం ఉండేట్లు తూచి తినిపించి, రెండు గంటలపాటు రక్తంలో చక్కెర ఎంత పెరిగిందో చూశారు. గ్లూకోజును 100గా తీసుకొని మిగిలినవాటికి అంకెలు ఇచ్చారు. ఇదే గ్లైసెమిక్ సూచిక. ఆ పట్టికలో తెల్ల బ్రెడ్డు 69. ముడిగోధుమ పిండితో చేసిన బ్రెడ్డు ఎంతో ఊహించగలరా? 72.

ఈ రెండు అంకెల మధ్య తేడాను తేడాగా లెక్కించనక్కరలేదు. అసలు తేడా లేకపోవడమే విశేషం. మనం అనుకున్నదేమి? ముడిపిండిలో పీచు ఉంటుంది కనుక చక్కెర నెమ్మదిగా పెరుగుతుందని. కానీ గింజను పొట్టుతో సహా విసిరినా, అతి మెత్తగా విసిరితే పిండి రేణువులన్నీ బయటపడతాయి. కాలి, ఉబ్బి, మెత్తబడిన ఆ రేణువులను జీర్ణరసాలు క్షణాల్లో అందుకుంటాయి. పక్కన తవుడు ఉన్నంత మాత్రాన అడ్డం కాదు. ఇదే బృందం 1988లో మరొక పరీక్ష ప్రకటించింది. రొట్టెలో విసరని గింజలు, పగలగొట్టిన గింజలు ఎంత ఎక్కువగా ఉంటే రక్తంలో చక్కెర అంత తక్కువగా పెరిగింది. గింజ కవచం చెదరకుండా ఉంటే లోపలి పిండిని చేరడానికి జీర్ణరసాలకు సమయం పడుతుంది. ముతక రై గింజలతో చేసే జర్మన్ల నల్లరొట్టె ఇందుకే మెరుగు. 1990లలో స్వీడన్ పరిశోధకులు పులిసిన పిండిలోని ఆమ్లాలు కూడా చక్కెర పెరుగుదలను కొంత నెమ్మదింపజేస్తాయని చూపారు. అంతమాత్రాన ముడిపిండి వృథా అనుకోకండి. పీచు, విటమిన్లు, గుండెకు మేలు, మలబద్ధక నివారణ, ఇవన్నీ ముడిగింజ ఇచ్చేవే. భోజనం తరువాతి చక్కెరను మాత్రం రొట్టె రంగు చూసి అంచనా వేయలేము.

ఇక మన సంగతి. తెలుగునాట బ్రెడ్డు భోజనంగా రాలేదు, రోగి ఆహారంగా వచ్చింది. హైదరాబాదులో డబల్‌రొట్టెకు విందులో చోటు దొరికినా, మా పల్లెల్లో బ్రెడ్డు పొట్లం ఇంటికి వచ్చిందంటే ఎవరికో జ్వరమని అర్థం. సర్కారు ఆసుపత్రిలో ఉదయం పాలూ బ్రెడ్డే ఇచ్చేవారు, మధుమేహ రోగి మంచానికి కూడా. 'బ్రెడ్డు తేలిక' అన్న భావం మనలో అలా నాటుకుంది. అరుగుదలకు తేలిక కావడమే మధుమేహ రోగికి చిక్కు.

నేను జిల్లాలో పనిచేస్తున్నప్పుడు విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకాయన నా దగ్గరకు వచ్చేవారు. నేను చెప్పినట్లే ఇడ్లీలు మాని రోజూ ఉదయం నాలుగు ముక్కలు బ్రౌన్ బ్రెడ్డు తినేవారు. చక్కెర తగ్గలేదు. పథ్యం తప్పుతున్నారేమోనని ఆయనను అనుమానించాను. ఒట్టు వేసి చెప్పినా సగమే నమ్మి, గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర మోతాదు రెండుసార్లు పెంచాను. కొన్నాళ్ళకు ఆయన కూతురి ఊరు వెళ్ళారు. అక్కడ బ్రెడ్డు దొరకక ఉదయం ఒక చిన్న జొన్నరొట్టె, కూర తిన్నారు. మాత్ర మాత్రం మానలేదు. మూడవనాడు మధ్యాహ్నం బస్సులో చెమటలు పట్టి స్పృహ తప్పారు. పక్కనున్న ఒక తల్లి పిల్లవాడికి తెచ్చుకున్న చక్కెర నీళ్ళు పట్టించింది కాబట్టి బతికి బయటపడ్డారు.

తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో బ్రెడ్డు పొట్లపు కాగితం ఉంది. "మీరే చదవండి" అన్నారు. మొదటి మాట శుద్ధిచేసిన గోధుమపిండి, అంటే మైదా. తరువాత చక్కెర. చివరన క్యారమెల్ రంగు. అన్నేళ్ళ సర్వీసులో నేను ఒక్కసారీ ఆ కాగితం తిప్పి చూడలేదు. తప్పు ఆయనది కాదు, ఆ మాత్రదీ కాదు.

అందువల్ల దుకాణంలో నిలబడినప్పుడు మీరు పొట్లాన్ని వెనక్కి తిప్పండి. కలిపిన పదార్థాలను బరువులో ఎక్కువనుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నియమం. మొదటి పేరు ముడిగోధుమ పిండి లేదా ఆటా కావాలి, దాని శాతం కూడా చూడండి. శుద్ధిచేసిన గోధుమపిండి మొదట ఉంటే పొట్లం ముందు ఏమి రాసినా అది మైదా రొట్టే. 150 అన్న అంకెతో మొదలయ్యే రంగు సంకేతం కనిపిస్తే ఆ గోధుమవర్ణం క్యారమెల్‌ది. 'మల్టీగ్రెయిన్' అంటే చాలా ధాన్యాలు ఉన్నాయనే గాని, ఎంతెంత ఉన్నాయని కాదు. పైన చల్లిన నువ్వులూ ఓట్సూ చూసి మురిసిపోకండి. ఏ మామూలు బ్రెడ్డైనా బరువులో సగానికి అటూ ఇటూ పిండిపదార్థమే. సుమారు 30 గ్రాముల ముక్కలో దాదాపు 15 గ్రాములు. నాలుగు ముక్కలు తింటే 60. ఆ పాత పట్టిక ఇక్కడ ఇంకా పనికివస్తుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఈ మధ్య మరొకటి అడుగుతున్నారు: గ్లూటెన్ లేని బ్రెడ్డు షుగరుకు మంచిదా? చరిత్ర చదివినవానికి నవ్వు వస్తుంది. మధుమేహ రోగికి చేసిన తొలి రొట్టెలో వీలైనంత గ్లూటెనే ఉంచాలని బుషార్దా పాటుపడ్డాడు. గ్లూటెన్ లేని రొట్టె సీలియాక్ వ్యాధి ఉన్నవారి కోసం. తరచు బియ్యపు పిండి, బంగాళాదుంప పిండి, కర్రపెండలం పిండితో చేస్తారు. మధుమేహానికి దానివల్ల ప్రత్యేక మేలు లేదు, కొన్నిసార్లు చక్కెర ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. జొన్నరొట్టె విషయంలోనూ మనవారికి భ్రమ ఉంది. జొన్నపిండి నూరు గ్రాముల్లో 70 గ్రాములకు కాస్త అటూ ఇటూ పిండిపదార్థమే. ముతకదనం, పీచు వల్ల మేలు ఉంది, కానీ పళ్ళెమంత రొట్టెలు మూడు తింటే ఆ మేలు కనిపించదు.

ఇన్సులిన్ గాని, చక్కెరను వేగంగా తగ్గించే మాత్రలు గాని వాడుతున్నవారు ఇది చదివి రేపటినుంచే బ్రెడ్డు మానేయవద్దు. ఆ ఉపాధ్యాయునికి బస్సులో జరిగింది మీకూ జరగవచ్చు. పిండిపదార్థం తగ్గించే ముందు మీ వైద్యునితో మాట్లాడి మోతాదు సరిచూసుకోండి.

మేము పని మొదలుపెట్టిన రోజుల్లో బెనెడిక్ట్ ద్రావణం ఐదు మిల్లీలీటర్లలో మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించి, నీలం నుంచి ఇటుక ఎరుపు వరకు రంగులు చూసేవాళ్ళం. నేడు వేలికొన రక్తపు బొట్టు చాలు. ఉపాధ్యాయుడు తరువాత ఒక గ్లూకోమీటరు కొనుక్కున్నారు. ఫ్రాన్సులో బుషార్దా చెప్పిన పనినే, ఆయన పేరైనా వినకుండా చేశారు. పరీక్ష పట్టీలు ఖరీదు గనుక పొదుపుగా వాడేవారు. నెలలో నాలుగు రోజులు ఎంచుకొని, తినడానికి ముందు, తినడం మొదలుపెట్టిన రెండు గంటల తరువాత చూసుకొని, రూళ్ళ నోటుపుస్తకంలో గుండ్రని అక్షరాలతో రాసుకొచ్చేవారు. నాలుగు ముక్కల బ్రెడ్డు, టీ తీసుకున్ననాడు 132 నుంచి 261. రెండు ముక్కలు, ఉడికించిన గుడ్డు, టొమాటో ముక్కలతో తిన్ననాడు 128 నుంచి 184. చిన్న జొన్నరొట్టె, ఆకుకూర పప్పుతో 130 నుంచి 171. ఇవి ఆయన ఒంటి అంకెలు, మీవి వేరుగా ఉంటాయి.

మోతాదు నేను తగ్గించాను. ఆయన రోజూ బ్రెడ్డు తినడం మానారు గాని పూర్తిగా వదలలేదు. ఆదివారం రెండు ముక్కలు గుడ్డుతో తినేవారు. మనుమరాలు తనకోసం కాల్చిన మూడవ ముక్క పెట్టబోతే, పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించేవారట.